దూది దగ్గు

ఐదేళ్ళ పైనే అయింది నేనీ మాట మోస్తూ. మా ఆయనకి తెలీదు. నా కూతురికి తెలీదు. పోనీ దేవుడికైనా చెప్పుకున్నానా అంటే అదీ లేదు. గుళ్ళో కళ్ళు మూసుకుంటే ముందు ఆమె మొహమే వస్తుంది, గబుక్కున కళ్ళు తెరిచేస్తాను. హారతి పళ్ళెం నా ముందుకొచ్చేసరికి నేను చెప్పులేసుకుని బయట ఉంటాను.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్ళ ముందు నిజం చెప్పే ధైర్యం నాకు లేదని ఒక పొద్దున బస్సులో తేలిపోయింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ. ఇన్నేళ్ళు లోపల పెట్టుకుని బాగుపడిందేమీ లేదు.

ఇప్పుడే ఎందుకు చెప్తున్నానంటే, పోయిన వారం ఒకమ్మాయి నన్నో ప్రశ్న అడిగింది.

సాయంత్రం పని నుంచి వస్తూ, బెంగళూరులో మేముండే కాడుగోడిలో మెట్రో మెట్ల కింద స్కూటర్ ఆపి కొత్తిమీర కొంటున్నాను. ఆ పిల్ల మెడలో కార్డు, చేతిలో ట్యాబు. "రెండే నిమిషాలు ఆంటీ" అంది. కరోనా తర్వాత జనం బస్సులు మాని సొంత బండ్లకి ఎందుకు మారారో తెలుసుకుంటున్నారట. ఇదివరకు పనికి ఎలా వెళ్ళేవారు? బస్సులో. ఇప్పుడు? స్కూటర్ మీద. మరి బస్సు ఎందుకు మానేశారు? జవాబులు తనే చదివింది. రద్దీ ఎక్కువ. సమయానికి రాదు. శుభ్రంగా ఉండదు. జబ్బు అంటుకుంటుందని భయం. అన్నిటికంటే కింద "ఇతర కారణాలు" అని, దాని పక్కన ఖాళీగా ఒక గీత.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "నీకెందుకమ్మా అదంతా?" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, కొత్తిమీర కట్టలు కడుతున్నామె తలెత్తి చూసింది. ఆ పిల్ల బిత్తరపోయి, "సర్వే ఆంటీ, అంతే" అంది. పాపం, దాని పని అది చేసుకుంటోంది. "జబ్బు భయం. అదే పెట్టుకో" అన్నాను. పెట్టుకుంది. థాంక్స్ చెప్పి ఇంకొకరి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ జవాబు అబద్ధం. ఇంట్లో కూడా ఇదే అబద్ధం చెప్తూ వచ్చాను. ఇప్పుడు మా దగ్గర ఆడవాళ్ళకి బస్సు ఉచితం. మా వీధి ఆడవాళ్ళంతా ఎక్కడికి కావాలంటే అక్కడికి బస్సులో తిరిగొస్తున్నారు. నేనొక్కదాన్నే ఎండనక వాననక స్కూటర్ మీద పోతాను. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని మా పక్కింటామె నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఏం చెప్పను? బస్సెక్కితే రెండో వరసలో కూర్చోవాలి, కుందలహళ్ళి గేటు దగ్గర ఆగాలి. అక్కడ తలుపు తెరుచుకుంటుంది. నాకు చాతకానిది అదీ.

ఆమె పేరు మునిరత్నమ్మ. నేను రత్నక్కా అనేదాన్ని. నాకంటే పదేళ్ళు పెద్దది. వాళ్ళ తాతల కాలం నుంచీ బెంగళూరే. మా మదనపల్లె తెలుగుకీ ఆమె తెలుగుకీ పెద్ద తేడా లేదు, నడుమ నడుమ కన్నడం కలుస్తుంది అంతే. బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్‌లో పని. చొక్కాలకి బట్ట కత్తిరించే చోట. నాది ఇంకా ముందుకు, ఎలక్ట్రానిక్ సిటీలో, సర్క్యూట్ బోర్డులు తయారుచేసే ఫ్యాక్టరీ. పెద్ద భూతద్దం కింద బోర్డు పెట్టి ఎక్కడ అతుకు సరిగ్గా పడలేదో చూసి గుర్తు పెట్టడం నా ఉద్యోగం. తప్పులు పట్టుకునేందుకే నాకు జీతమిస్తారు.

బస్సు కాడుగోడిలోనే బయల్దేరుతుంది కాబట్టి నాకెప్పుడూ సీటు దొరికేది. ముందు తలుపు దగ్గర, ఆడవాళ్ళ సీట్లలో రెండో వరస, కిటికీ పక్క. నా అన్నం సంచి పక్క సీట్లో పెట్టేదాన్ని. అరగంట తర్వాత కుందలహళ్ళి గేటులో రత్నక్క ఎక్కేది. అప్పటికి బస్సు కిటకిటలాడుతూ ఉంటుంది. అయినా ఆ సంచి తీసి కూర్చుందామని ఎవరూ అనరు. రోజూ వెళ్ళే బస్సుల్లో అదొక కట్టుబాటు. సంచి ఉందంటే మనిషి వస్తుందని అర్థం. రత్నక్క జనాన్ని తోసుకుంటూ వచ్చి, సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "ఏం పాపా, తిన్నావా?" అనేది. పన్నెండేళ్ళు ఇదే మాట. నాకు నలభై దాటినా ఆమెకి నేను పాపనే.

ఆమెకి దగ్గుండేది. బస్సు గతుకులో పడితే మొదలయ్యేది, పొడి దగ్గు, ఒకసారి వస్తే రెండు మూడు నిమిషాలు వదిలేది కాదు. బట్ట కోసేటప్పుడు గాల్లో దూది పొగలా లేస్తుందట, ఏళ్ళ తరబడి అది పీల్చి వచ్చిన దగ్గు. డాక్టరు దానికేదో పెద్ద పేరు చెప్పాడు గానీ ఆమె దాన్ని దూది దగ్గనే అనేది. "లోపల ఒక పోగు కూర్చోనుండాది పాపా. బస్సు కుదిపితే లేస్తాది" అని నవ్వేది. చీర కొంగున లవంగాలు ముడేసుకునేది. ఒకటి తీసి దవడన పెట్టుకుంటే తగ్గేది. ఆ దగ్గు నాకెంత అలవాటైపోయిందంటే, సెలవు రోజుల్లో అది వినపడక ఏదో మర్చిపోయినట్టుండేది.

ఇంకొకటి చెప్పాలి. ఇది చెప్పకుండా తర్వాతది చెబితే మీకు నా తప్పు సగమే తెలుస్తుంది.

మా నాన్న పోయిన కబురు నాకు బస్సులోనే వచ్చింది. మారతహళ్ళి వంతెన దాటుతున్నాం. ఫోన్లో మా అన్న ఏం చెప్పాడో, నేనేమన్నానో గుర్తులేదు. గుర్తున్నదల్లా రత్నక్క లేచి "ఆపప్పా, దిగాల" అని అరవడం, నా చెయ్యి పట్టుకుని దించడం, రోడ్డు దాటించడం, ఎదురు బస్సెక్కించి కాడుగోడి దాకా వచ్చి మా ఇంటి గడపలో మా ఆయనకి అప్పజెప్పడం. వాళ్ళ దగ్గర ఆలస్యమైతే పేరు పక్కన ఎర్రగీత పెడతారు. గీతలు ఎక్కువైతే పని పోతుంది. "అక్కా, నీకు గీత పడుతుంది" అని నేనా ఏడుపులోనే అన్నానట. "పడితే పడనీలే పాపా" అందట. మా ఇంటికి ఆమె రావడం అదొక్కసారే. నేను వాళ్ళింటికి ఎప్పుడూ పోలేదు. కుందలహళ్ళి గేటు వెనక నీళ్ళ ట్యాంకు పక్క సందు అని మాత్రం తెలుసు. బస్సు స్నేహాలు అంతే, బస్సులోనే మొదలై బస్సులోనే ఉంటాయి.

తర్వాత కరోనా వచ్చింది. అన్నీ మూసేశారు. మా ఆయన ఆఫీసు వాళ్ళకి క్యాబ్ నడిపేవాడు, ఆ ఆఫీసులన్నీ ఇళ్ళల్లోకి వెళ్ళిపోయాయి. బండి ఇంటి ముందు దుమ్ము పట్టింది. రత్నక్క వారానికోసారి ఫోన్ చేసేది. "బస్సు ఎప్పుడు బిడతారంట పాపా?" అని అడిగేది, ఎప్పుడు వదులుతారని. నేనేదో వాటిని ఆపిపెట్టినట్టు. మొదట నన్ను పిలిచారు పనికి, సగం మందిని మాత్రమే తీసుకుంటూ. మూడు వారాల తర్వాత ఆమెకీ పిలుపొచ్చింది.

"సోమారం పొద్దున తొమ్మిదికి లోపల ఉండాలంట. రానోళ్ళు పని ఇడిసిపెట్టినట్టే లెక్కంట" అంది ఫోన్లో. గొంతులో సంతోషం దాచుకోలేకపోతోంది. "నాకు సీటు పట్టు పాపా."

"పడతాలే అక్కా" అన్నాను.

పట్టాను కూడా. ఆ మాట నిలబెట్టుకున్నాను. కావాలంటే ఆ ఒక్కటీ నా పక్కన రాసుకోండి.

అప్పటి బస్సు మీకు గుర్తుండే ఉంటుంది. ఇద్దరి సీట్లో ఒక్కరే కూర్చోవాలి. పక్కదాని మీద ఎర్ర టేపుతో అడ్డంగా గుర్తు. నిలబడడానికి వీల్లేదు. సీట్లు నిండితే స్టాపుల్లో ఆపడం లేదు, జనం చెయ్యెత్తినా బస్సు దాటిపోతోంది. ఎవరూ మాట్లాడరు. ఎవరికైనా తుమ్మొస్తే బస్సంతా అటే చూస్తుంది. నేను నా చోట్లో కూర్చుని సంచి ముందు వరస సీట్లో పెట్టాను. కుందలహళ్ళి గేటులో రత్నక్క ఎక్కింది. ఇంటి దగ్గర కుట్టుకున్న మాస్కు, దాని పైన కళ్ళు. ఆ కళ్ళు నవ్వుతున్నాయని నాకు తెలిసింది. సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, వెనక్కి తిరిగి, "ఏం పాపా, తిన్నావా?" అంది.

నాకు కూడా ప్రాణం లేచొచ్చింది. నిజం. పది నిమిషాలు ఏవేవో చెప్పుకున్నాం.

మారతహళ్ళిలో మాలతి ఎక్కింది. మా లైనులోనే పని, నా వెనక సీట్లో కూర్చుంది. మా ఫ్యాక్టరీ గేటు దగ్గర రోజూ ఒక పుస్తకంలో సంతకం పెట్టాలి. దగ్గు, జ్వరం ఉన్నవాళ్ళ పక్కన కూర్చున్నారా, అవునా కాదా. అవునంటే పద్నాలుగు రోజులు ఇంట్లో ఉండాలి. అలా వెళ్ళినవాళ్ళలో ఇద్దరిని మళ్ళీ పిలవలేదు. మాలతి చెడ్డ మనిషి కాదు. కానీ ఆమె కూర్చోగానే నేను వెనక్కి సీటుకి జేరగిలబడ్డాను. రత్నక్క ఏదో అడిగితే ఊ అన్నాను. అప్పటికింకా దగ్గు రాలేదు. ఇది మీరు గమనించాలి. దగ్గు రాకముందే నేను వెనక్కి జరిగాను.

బెళ్ళందూరు దగ్గర బస్సు గతుకులో పడింది.

ఆమె ఆపుకోవాలని చూసింది. భుజాలు వణుకుతున్నాయి. కొంగు ముడి విప్పి లవంగం తీసింది. దాన్ని నోట్లో వేసుకోవాలంటే మాస్కు దించాలి కదా. దించింది. అప్పుడే దగ్గు తెగబడింది. ఎవరో "అయ్యో, మాస్కు" అన్నారు. ఎవరో కిటికీ తీశారు. ఒకాయన లేచి వెనక్కి పోయాడు. "దింపండి ఆమెని" అని ఒక గొంతు, వెంటనే ఇంకో రెండు. కండక్టర్ వచ్చాడు. కుర్రవాడు కాదు, తల నెరిసిన మనిషి. అతనికీ భయంగానే ఉంది, రెండడుగుల దూరంలో ఆగిపోయాడు.

"పాత దగ్గు సామీ" అంది రత్నక్క, కళ్ళల్లో నీళ్ళు తుడుచుకుంటూ. "గార్మెంట్స్ దూది దగ్గు. జొరం గిరం ఏమీ లేదు."

"అందరూ అదే చెప్తారమ్మా. నాకెట్ల తెలస్తుంది?" అన్నాడతను. అతని తెలుగు వచ్చీరానిది. "ఎవరైనా ఉన్నారా నీతో?"

ఆమె వెనక్కి తిరిగి నన్ను చూపించింది. ఏమాత్రం తడుముకోలేదు. "ఇదో, ఈ పాపకి తెలుసు. పన్నెండేండ్లుగా చూస్తా ఉండాది."

అతను నావైపు తిరిగాడు. "నిమగె గొత్తా ఇవరు?" అన్నాడు. ఈమె మీకు తెలుసా అని.

ఆ బస్సులో ఇరవై మంది ఉంటే ఆ దగ్గు సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలుసు అంటే చాలు. పాత దగ్గే, ఎవరికీ అంటదు అంటే చాలు. ఆ మనిషి వినేలాగే ఉన్నాడు. వినాలనే అడిగాడు. నా వెనక మాలతి ఊపిరి నాకు వినపడుతోంది.

"గొత్తిల్ల" అన్నాను.

కన్నడంలో ఎందుకన్నాను? అతను కన్నడంలో అడిగాడని కాదు. ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో ఈ మాట. తెలీదు అని తెలుగులో చెప్పాలంటే అది మా ఇద్దరి భాష. పన్నెండేళ్ళు మాట్లాడుకున్న భాష. అందులో ఆ అబద్ధం నోటికి రాలేదనుకుంటాను. వేరే భాషలో అంటే వేరే ఎవరో అన్నట్టుంటుందని లోపలున్న దొంగకి తోచినట్టుంది.

రత్నక్క నన్ను చూసింది. ఎంతసేపు? ఒక క్షణం కంటే ఉండదు. కోపం లేదు ఆ కళ్ళల్లో. కోపముంటే ఈపాటికి నేను దాన్ని పట్టుకుని బతికేసేదాన్ని. ముందు ఏమీ అర్థం కానట్టు చూసింది. తర్వాత నా భుజం మీదుగా మాలతిని చూసింది. మాలతి మెడలో మా ఫ్యాక్టరీ కార్డుంది. అర్థమైపోయింది ఆమెకి. మాస్కు సరిచేసుకుని కండక్టర్ వైపు తిరిగింది.

"పొరపాటైపోయిందప్పా" అంది. "ఈ మాస్కుల్లో అందురూ ఒకే మాదిరి అగపడతారు. నేననుకున్న ఆయమ్మ యేరే."

నా అబద్ధానికి ఆమె కాపు కాసింది.

బస్సాపారు. ఆమె లేచింది. నా సంచి ఆమె ఒళ్ళో ఉంది కదా. నా చేతికిస్తే తెలిసినదాన్నని బయటపడుతుంది. దాన్ని మెల్లగా సీటు మీద పెట్టి, "ఎవురిదో సంచి ఉండాది సూడప్పా. మర్సిపోయినట్టుండారు" అని చెప్పి దిగిపోయింది. మళ్ళీ నావైపు చూడలేదు. బస్సు కదిలాక కిటికీలోంచి కనపడింది. ఎండలో నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఇంకా దగ్గుతూనే ఉంది.

నా కోసం ఒకరోజు ఆమె బస్సు దిగింది. నేను ఆమెని బస్సు దించాను. ఇంతకంటే కుదించి చెప్పడం నాకు రాదు.

ఎలక్ట్రానిక్ సిటీలో దిగేటప్పుడు సంచి తీసుకున్నాను. "నీదేనా?" అంది మాలతి. "నాదే. ముందు పెట్టుకున్నా" అన్నాను. గేటు దగ్గర వరసలో ఉండగా ఫోన్ మోగింది. రత్నక్క. మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఏమడగాలని చేసింది? వేరే బస్సేదైనా ఉందా అనా? మీవాళ్ళెవరికైనా చెప్పి మా గేటు దగ్గర ఒక మాట వేయించు అనా? లేక, కంగారుపడొద్దులే పాపా అని చెప్పడానికా? చివరిదే అయ్యుంటుందని నా భయం. నేనెత్తలేదు. పుస్తకంలో కాదు అని సంతకం పెట్టి లోపలికి వెళ్ళాను. ఆ రోజు నా భూతద్దం కింద ఎన్ని బోర్డులు తప్పులతో దాటిపోయాయో నాకు తెలీదు.

మధ్యాహ్నం అన్నం గిన్నె తీస్తుంటే సంచిలో ఒక చిన్న కాగితం పొట్లం దొరికింది. మూడు మాస్కులు. చొక్కా ముక్కలతో కుట్టినవి, మా ఆయనకి గళ్ళది, నాకు నీలంది, నా కూతురికి చిన్న చిన్న పూలది. ఆ పది నిమిషాల్లో ఎప్పుడు పెట్టిందో. అన్నం తినలేదు. గిన్నె మూతపెట్టి, బాత్రూములోకి పోయి కొళాయి తిప్పుకుని ఏడ్చాను. బయటికొచ్చి మొహం తుడుచుకుని మళ్ళీ కూర్చుని పని చేశాను. ఏడ్చినంత మాత్రాన ఫోన్ చేశానా? చేయలేదు. ఏడవడం చాలా తేలిక.

తర్వాతి రోజుల్లో కుందలహళ్ళి గేటులో తలుపు తెరుచుకునేది, ఆమె ఎక్కేది కాదు. పక్షం రోజులకి ఆమె ఫ్యాక్టరీలోనే పనిచేసే ఒకామె బస్సులో కనపడితే, ఊరికే అడిగినట్టు అడిగాను.

"మునిరత్నమ్మా? లేదు కదా ఇప్పుడు" అందామె. "తెరిచిన రోజే ఆలస్యమాయె. బస్సులు ఆపలేదంట, బెళ్ళందూరు నుంచి నడుచుకుంటా వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ నుదుటికి ఆ మిషన్ పెడితే జొరం చూపించింది. ఎండలో అంత దూరం నడిచొచ్చిన ఒళ్ళు, కాలకుండా ఎట్లుంటాది? ఎంత చెప్పినా వినలేదు, తిప్పి పంపేసినారు. ఎందుకు దిగినావు బస్సు అంటే, దగ్గొచ్చింది, నేనే దిగినాను అనింది."

నేనే దిగినాను అందట. ఆ మాట విన్నాక ఆ బస్సులో కూర్చోవడం నా వల్ల కాలేదు. నెల తిరక్కుండా వాయిదాల మీద స్కూటర్ కొనిపించుకున్నాను. "బస్సులో జబ్బంటుకుంటుంది, ఇంట్లో చిన్నపిల్ల ఉంది" అన్నాను మా ఆయనతో. ఆయన మెచ్చుకున్నాడు. ఎంత ముందుచూపు నా పెళ్ళానికి అని చుట్టాలకి ఫోన్లో చెప్పుకున్నాడు.

ఇక్కడితో అయిపోయుంటే బహుశా ఈ మాట మీకు చెప్పేదాన్ని కాదేమో. భయం, మా ఆయనకి పని లేదు, ఉన్న ఒక్క ఉద్యోగం పోతే ఏం తింటాం, ఎవరైనా అదే చేసేవాళ్ళు అని నన్ను నేను సముదాయించుకునేదాన్ని. చాలా ఏళ్ళు అలాగే సముదాయించుకున్నాను. కానీ రెండోది ఉంది. దానికి సాకు దొరకదు.

స్కూటర్ కొన్న రెండు నెలలకి, పొద్దున్నే కుందలహళ్ళి గేటు సిగ్నల్లో ఆగాను. ఎడమ పక్క, రోడ్డంచున రత్నక్క నడుస్తోంది. చేతిలో సంచి, కాళ్ళకి అరిగిపోయిన రబ్బరు చెప్పులు. దూరాన ఎక్కడో ఇళ్ళల్లో పనికి కుదిరినట్టుంది, తెలీదు. పక్కనే ఆమె ఎక్కే స్టాపులో బస్సాగి ఉంది. సగం ఖాళీగా ఉంది. ఆమె దానివైపు చూడను కూడా లేదు. దాటుకుని పోయింది. నాలుగడుగులు వేసి కరెంటు స్తంభం పట్టుకుని ఆగిపోయింది. దగ్గు. నాకు వినపడలేదు, భుజాలు చూస్తే తెలిసింది.

నాకు హెల్మెట్ ఉంది, మాస్కుంది. నన్నెవరూ గుర్తుపట్టరు. నా వెనక మాలతి లేదు. కండక్టర్ లేడు. పుస్తకం లేదు. నా వెనక సీటు ఖాళీగా ఉంది. హారన్ కొట్టి "అక్కా" అంటే చాలు. దగ్గు తగ్గేదాకా ఆగి, ఎక్కడికంటే అక్కడికి దింపి రావచ్చు.

పచ్చ సిగ్నల్ పడింది. నేను వెళ్ళిపోయాను.

బస్సులో చేసింది భయంతో చేశాను. ఇక్కడ భయం లేదు. మరి ఏముంది? సిగ్గంటారా? సిగ్గే అనుకుందాం. కానీ ఆ సిగ్గు కూడా నా గురించే కదా. ఆమె కాళ్ళ నొప్పి గురించి కాదు, ఆమె దగ్గు గురించి కాదు. ఆమె నన్ను చూసి "ఏం పాపా, తిన్నావా?" అంటే నేనెలా తట్టుకోవాలా అని. నన్ను నేను కాపాడుకోవడానికి ఆ మనిషిని రెండోసారి రోడ్డు మీద వదిలేశాను. ఆ తర్వాత కుందలహళ్ళి గేటు రాకుండా చుట్టుదారిన పోవడం మొదలుపెట్టాను. ఇప్పటికీ అదే దారి. దూరం ఎక్కువ, గుంతలు ఎక్కువ. ట్రాఫిక్ తక్కువని ఇంట్లో చెప్తాను.

ఆ ఏడాది తిరిగాక జబ్బు మళ్ళీ వచ్చింది, అప్పుడు చాలామంది పోయారు. ఆమె ఉందో లేదో నాకు తెలీదు. కనుక్కోవచ్చు కదా అంటారు. నీళ్ళ ట్యాంకు పక్క సందు ఎంతసేపు? స్కూటర్ మీద ఇరవై నిమిషాలు. ఐదేళ్ళలో ఇరవై నిమిషాలు దొరకలేదా నీకు? దొరికాయి. ఒకసారి ట్యాంకు దాకా పోయి కూడా తిరిగొచ్చాను. లేదని చెప్తారేమోనని భయం. ఉందని చెప్తారేమోనని అంతకంటే భయం. ఉంటే క్షమించేస్తుంది, నాకు తెలుసు. ఆ అర్హత నాకు లేదు, అంత బరువు మళ్ళీ ఆమె మీదే పెట్టే హక్కు కూడా లేదు.

సర్వే పిల్ల అడిగిన మర్నాడు, మధ్యాహ్నం అన్నాల వేళ, రత్నక్క నంబరుకి చేశాను. ఆ బస్సు రోజు తర్వాత మొట్టమొదటిసారి. ఎవరో మగమనిషి ఎత్తాడు, హిందీలో మాట్లాడాడు. ఈ సిమ్ తీసుకుని రెండేళ్ళయిందన్నాడు. మునిరత్నమ్మ అంటే ఎవరో తెలీదన్నాడు. పాపం, అతను నిజమే చెప్పాడు.

పూల మాస్కు నా కూతురు ఏడాది పాటు వేసుకుంది. ఎవరిచ్చారమ్మా అని అడిగితే బజార్లో కొన్నానన్నాను. ఇప్పుడది దానికి పట్టదు, బీరువాలో నా చీరల కింద ఉంది. నీలంది నేనెప్పుడూ వేసుకోలేదు. దాని మడత మడతలాగే ఉంది, ఇంకా లవంగం వాసన వస్తుంది. లేక నాకలా అనిపిస్తుందో.

చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. పోదు. ఇంతవరకూ రాసి చూశాను కదా, ఎక్కడిదక్కడే ఉంది. కాకపోతే లోపల కూర్చున్న పోగేదో కొంచెం కదిలింది. ఆ సర్వే పిల్ల మళ్ళీ కనపడితే జబ్బు భయం కొట్టేయమంటాను. ఆ కింది గీత మీద రాసుకోమంటాను. అదెంత గీత, ఇదంతా పట్టదు. అందుకని ఆ కండక్టర్ అడిగిన దానికి మాత్రం జవాబు రాయమంటాను. ఐదేళ్ళు ఆలస్యంగా, తెలుగులో.

తెలుసు. నాకు ఆమె తెలుసు. పేరు మునిరత్నమ్మ, కుందలహళ్ళి గేటులో ఎక్కుతుంది, పన్నెండేళ్ళుగా తెలుసు. అది పాత దగ్గు. ఎవరికీ అంటదు. ఆమెని కూర్చోనివ్వండి.